మేము దాన్ని జుమ్మా జ్వరం అనేవాళ్ళం

ఆ గురువారం పొద్దున నేను కొట్టంలో కూర్చుని బూజు పట్టిన గడ్డికట్టలు విప్పాను. సాయంత్రం అసర్ నమాజులో సజ్దాకు వంగితే ఊపిరి అందలేదు. నుదురు నేలకు ఆనించానో లేదో దగ్గు తెర ముంచుకొచ్చింది. చీకటి పడేసరికి చలి, పళ్ళు టకటకలాడేంత వణుకు. రెండు దుప్పట్లు కప్పుకున్నా ఆగలేదు. శుక్రవారమంతా మంచం మీదే. శనివారం పొద్దున ఏమీ జరగనట్టు లేచి చపాతీలు చేశాను. అల్లాహ్‌కు శుక్ర్ చెప్పుకుని ఆ సంగతి అక్కడితో మరిచిపోయాను.

మాది కడప పక్క పల్లె. మా నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. నన్ను బడికి పంపలేదు. ఖురాను, తెలుగు అక్షరాలు రెండూ ఆ దూదికుప్పల మధ్యనే కూర్చోబెట్టి నేర్పాడు. కాబట్టి నాకు దుమ్మంటే భయం లేదు. పీచు దులపడం, విదిలించడం నా చేతులకు పుట్టుకతో వచ్చిన పని.

మా ఆయన దస్తగిరి మస్కట్ అవతల అల్ సువైక్‌లో ఒక ముసలి అర్బాబ్ తోటలో ట్రాక్టర్ నడుపుతాడు. అర్బాబ్ అంటే అక్కడ యజమాని. చుట్టుపక్కల తోటల్లో పెద్ద యంత్రాలు వచ్చి, మనిషెత్తు గుండ్రటి కట్టలు చుట్టేస్తున్నాయి. మా అర్బాబ్ మాత్రం ఒక మనిషి భుజాన వేసుకుని మేకల దగ్గరికి మోసుకుపోగలిగే చిన్న కట్టలే కట్టించేవాడు. వాటికి తగ్గట్టే ట్రాక్టర్ కూడా మా ఆయనకంటే వయసులో పెద్దది. నీడకు కప్పు లేదు, ఎర్ర రంగు సగం ఊడిపోయింది. దాని వెనక బేలర్ దబ్‌దబ్‌మని గడ్డిని కుక్కి, సుతిలితో ముడేసి, ఇటుకల్లాంటి కట్టలను వదులుతుంది. ఆ చప్పుడు ఒక్క దెబ్బ తప్పినా మా ఆయనకు నిద్రలో కూడా తెలుస్తుంది. నా చప్పుడు తెలియడానికి మాత్రం ఏడాది పట్టింది.

నేను వచ్చింది అర్బాబ్ ఇంట్లో పనికి. నా వీసా ఇంటి పనిది. పొద్దున్నే వాళ్ళింట్లో వంట చేసి, తర్వాత తోటలోని మా రూముకు వచ్చి మా ఆయనకు సాయపడేదాన్ని. ఎవరూ నన్ను చెయ్యమనలేదు. ఆ చలికాలం బేలర్ ముడి వేయడం మానేసింది. దాని సామాను దొరికేలోపు, కోసిన గడ్డి మంచులో నానింది. చివరికి ఆరీ ఆరకముందే హడావుడిగా కట్టేసి కొట్టంలో పేర్చారు. పైకి పచ్చగా చూడముచ్చటగా ఉన్నాయి. లోపల చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. కొన్నాళ్ళకు విప్పితే తెల్లటి బూజు పొగలా లేచింది. కొనేవాళ్ళు తిప్పి పంపారు.

పారేద్దామని మా ఆయన అంటే నేనే వద్దన్నాను. అల్లాహ్ మొలిపించిన మేత, నోరులేని జీవాల నోటిది, పారేస్తే పాపం కదా! వారానికోసారి, గురువారం, కొన్ని కట్టలు విప్పి, నాన్న దూదిని విదిలించినట్టు బాగా విదిలించి, ఎండబెట్టి మేకలకు వేసేదాన్ని. ప్రతి గురువారం సాయంత్రం వణుకు. ప్రతి శుక్రవారం మంచం.

"నీ జ్వరానికి గూడా జుమ్మా సెలవు గావల్నంటనేమే?" అని మా ఆయన నవ్వేవాడు. నేనూ నవ్వాను. జుమ్మా జ్వరం అని పేరు పెట్టుకున్నాం. దానికి పేరైతే పెట్టాం గానీ, అది గురువారమే ఎందుకొస్తోందని ఇద్దరిలో ఒక్కరమూ అడగలేదు.

మొదట దగ్గర్లోని క్లినిక్కుకు వెళ్ళాం. "చెస్ట్ ఇన్ఫెక్షన్," అన్నాడు డాక్టర్. యాంటీబయాటిక్ ఇచ్చాడు. ఆ వారం గురువారం నీరసంతో మంచం దిగలేకపోయాను, కొట్టానికి పోలేదు, జ్వరం రాలేదు. మందు పనిచేసిందనుకున్నాం. పై వారం మళ్ళీ మామూలే. ఈసారి ఎక్స్‌రే తీసి, "నిమోనియా, రెండు వైపులా ప్యాచెస్ ఉన్నాయి," అని ఆస్పత్రిలో చేర్చుకున్నారు. అక్కడ చల్లగా, శుభ్రంగా, గడ్డిపోచ లేని గదిలో పడుకోబెడితే నాకు హాయిగా ఊపిరి ఆడింది. నర్సులకు దువా చేసి ఇంటికొచ్చాను. రాగానే, ఇన్నాళ్ళూ మేకలకు మేత సరిగా అందలేదని ఒకేసారి ఎన్నో కట్టలు విప్పాను. ఆ సాయంత్రం పెదాలు నీలంగా మారాయని మా ఆయన చెప్పాడు.

మళ్ళీ ఆస్పత్రి. ఈసారి బరువు తగ్గానని, ఇండియా నుంచి వచ్చానని, టీబీ ఏమో చూడాలన్నారు. స్పూటమ్ అని కఫం పరీక్షకు తీసుకున్నారు. ఆ ఫలితం వచ్చేదాకా మా ఆయన ముఖం చూడలేకపోయాను. టీబీ అంటే ఊరికి పంపేస్తారేమోనని ఆయన భయం. ఒకచోట ఉండాలని ఇంత దూరం వచ్చిన వాళ్ళం. టీబీ లేదని తేలింది. అల్హమ్దులిల్లాహ్ అన్నాను. మరి నాకున్నదేమిటో చెప్పండయ్యా అంటే ఎవరూ చెప్పలేదు. "రిపోర్ట్ నార్మల్‌గానే ఉంది," అన్నారు. రిపోర్టు నార్మల్‌గా ఉంది, నేను మాత్రం బావి దగ్గరికి పోయి రావడానికి మధ్యలో రెండుసార్లు కూర్చుంటున్నాను. కుర్చీలో కూర్చుని నమాజు చేస్తున్నాను. ఆ ఏడాది రంజాన్ రోజాలు సగం వదులుకున్నాను. నాకు కోపం తక్కువని మా అమ్మ అనేది. ఆ రోజుల్లో చూసుంటే ఆ మాట అనేది కాదు.

ఒక్క సంగతి చెప్పాలి. ప్రతి డాక్టరూ అడిగాడు, ఏం పని చేస్తావని. నేను నోరు తెరిచేలోపు మా ఆయన, "హౌస్ వర్క్ సార్, ఓన్లీ హౌస్ వర్క్," అనేవాడు. బయటికొచ్చాక అడిగితే, "వీసాలో ఏముందో అదే చెప్పల్ల. తోట మాట ఎత్తితే అర్బాబ్‌కు ఎసురు, మనకూ ఎసురు. నువ్వు గమ్మునుండు," అనేవాడు. నేనూ గమ్మునే ఉన్నాను. డాక్టర్లు ఇంటి పని చేసుకునే ఆడమనిషికి వచ్చే జబ్బులన్నీ వరసగా వెతికారు. వాళ్ళను ఏమని తప్పు పట్టను?

చివరికి మస్కట్‌లో ఒక పెద్ద డాక్టర్ దగ్గరికి పంపారు. ఉత్తరాది మనిషి, హిందీలో మాట్లాడాడు. ముందు సీటీ తీయించాడు. "గ్రౌండ్ గ్లాస్ కనిపిస్తోంది," అని తెరమీద నా ఊపిరితిత్తులు చూపించాడు. ముగ్గు చల్లినట్టున్నాయి. "ఇంట్లో పావురాలున్నాయా? చిలకలు? ఏసీ నీళ్ళు కారుతుందా?" అని అడిగాడు. అన్నిటికీ లేదన్నాను.

"ఏం పని చేస్తావు?"

"హౌస్ వర్క్ సార్," అన్నాడు మా ఆయన.

వీపు మీద స్టెతస్కోప్ పెట్టడానికి డాక్టర్ నన్ను దుపట్టా పక్కకు తీయమన్నాడు. తీస్తే అందులోంచి ఎండిన గడ్డిపోచ ఒకటి ఆయన బల్ల మీద పడింది. ఆయన దాన్ని వేళ్ళతో ఎత్తి చూశాడు.

"ఇది ఏ ఇంటి పని?"

"గాలికి ఎగిరొచ్చింటుంది సార్," అన్నాడు మా ఆయన.

నాలో ఏదో తెగిపోయింది. "నువ్వుండప్పా!" అని తెలుగులో ఒక్క అరుపు అరిచాను. పెళ్ళయ్యాక నలుగురి ముందు ఆయన్ను అలా అనడం అదే మొదలు. తర్వాత నాకొచ్చిన హిందీలో మొత్తం చెప్పేశాను. తడిసిన గడ్డి, కొట్టం, బూజు, విదిలించడం, గురువారం, వణుకు. "మేము జుమ్మా బుఖార్ అంటాం సార్," అన్నాను.

ఆయన నవ్వలేదు. పెన్ను కింద పెట్టాడు. "పొద్దున విప్పితే సాయంత్రం జ్వరం. అంతేనా?"

"అంతే సార్."

"ఏడాదిగా ఇది ఎవరికీ చెప్పలేదా?"

డాక్టర్ సీటీ తెరను మా వైపు తిప్పాడు. "హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. ఫార్మర్స్ లంగ్ అంటారు," అని నిదానంగా చెప్పాడు. మా నాన్న జన్మంతా దుమ్ములోనే బతికాడు సార్ అంటే, "మామూలు దుమ్ము కాదమ్మా. గడ్డిలో బూజు. నీ ఒళ్ళు దాన్ని శత్రువనుకుంటోంది. ఇలాగే పోతే ఫైబ్రోసిస్ వస్తుంది. అది వచ్చాక వెనక్కి తేలేను," అన్నాడు. ఊదే పరీక్ష చేయించి, ప్రెడ్నిసొలోన్ రాసిచ్చి, గడ్డి జోలికి పోవద్దన్నాడు.

పోలేదు. వల్లాహి, ఒట్టేసి చెబుతున్నా, కొట్టం గడప తొక్కలేదు. స్టెరాయిడ్‌తో ముఖం చంద్రుడిలా ఉబ్బింది, ఆకలి విపరీతమైంది, కానీ ఊపిరి తిరిగొచ్చింది. మోతాదు తగ్గించడం మొదలుపెట్టగానే దగ్గు మళ్ళీ పట్టుకుంది. ఏడ్చాను. దేవుడి మీద కాదు, నా మీదా కాదు, ఎవరి మీద ఏడవాలో తెలియక ఏడ్చాను. మళ్ళీ మస్కట్ వెళ్తే డాక్టర్ ఈసారి నన్నే అడిగాడు, పొద్దున లేచినప్పటి నుంచి చేతులతో ఏమేం చేస్తావో చెప్పమని. చెబుతూ చెబుతూ బట్టల దగ్గర ఆగిపోయాను. మా ఆయన చొక్కా ఉతికే ముందు గుమ్మం దగ్గర రెండుసార్లు గట్టిగా దులపడం నాకు అలవాటు. శుభ్రతనుకుని ఆ గడ్డిని రోజూ నా ముఖం మీదే దులుపుకుంటున్నాను.

ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను, ఇంకో పని చూసుకో, ఇబ్రిలో కంపెనీ సైట్ల మీద డ్రైవర్లు కావాలంటున్నారు కదా అని.

"ఆ ట్రాక్టర్ను ఇడిసి యాడికి పోదునే? దాన్ని నడిపేటోడు ఈడ ఇంగొకడు లేడు."

"నన్ను నడిపేటోడు ఉన్నాడా ఈడ?"

ఆయన చెప్పులేసుకుని ట్రాక్టర్ దగ్గరికే పోయాడు. అలా పోయినందుకు నాకు ఈరోజుకీ కోపమే. దాచుకోను.

నేనే వెళ్ళి, మేము మామా అని పిలిచే అర్బాబ్ భార్యకు అంతా చెప్పాను. ఆమె అర్బాబ్‌ను పిలిచింది. ముసలాయన విని, వచ్చీరాని హిందీలో మా ఆయన్ను మందలించాడు. "గడ్డి నాది, ఊపిరి ఆమెది. గడ్డి పాడైతే మళ్ళీ మొలుస్తుంది. ఆమె కొట్టంలో ఉందని నాకెందుకు చెప్పలేదు?" ఇన్నాళ్ళూ మేము భయపడింది ఈయనకు. ఆ మాట వినగానే మనసు కుదుటపడింది, ఆ వెంటనే కడుపు మండింది.

ఇప్పుడు నేను మస్కట్‌లోని అల్ మవాలేలో, అర్బాబ్ కూతురి ఇంట్లో వంట చేస్తున్నాను. మాత్రలు మానేశాను. మెట్లెక్కితే కాస్త ఆయాసం ఉంది, అది పూర్తిగా పోదన్నాడు డాక్టర్. కుర్చీ వదిలేసి నేల మీద నమాజు చేస్తున్నాను. సజ్దాలో మూడుసార్లు తస్బీహ్ దగ్గకుండా చెప్పగలుగుతున్నాను. దీనికి ఎన్ని శుక్ర్‌లు చెప్పినా తక్కువే.

మా ఆయన తోటలోనే ఉన్నాడు. తడి ఉన్న గడ్డిని ఇప్పుడు కట్టరు, పచ్చిగానే మేకలకు వేస్తారు. కలిసి ఉందామని సముద్రం దాటాం, ఇప్పుడు శుక్రవారం తప్ప కలవం. వచ్చినప్పుడు గేటు బయట కుళాయి దగ్గర తల తడుపుకుని, నేను సంచిలో పెట్టిన వేరే బట్టలు కట్టుకుంటేనే లోపలికి రానిస్తాను. పోయిన జుమ్మాకు చెవి వెనక గడ్డిపోచ మిగిలిపోయింది.

"పో, మళ్ళా కడుక్కోని రాపో," అన్నాను.

"పెండ్లినాడు గూడా ఇంత కడుక్కోలేదు గదే!" అని గొణుక్కుంటూ వెళ్ళాడు. కడుక్కునే వచ్చాడు.

ఇది చదివే అక్కచెల్లెళ్ళకు ఒక్కటే చెబుతాను. డాక్టర్ నీ పనేంటని అడిగితే కాగితంలో రాసి ఉన్న పని చెప్పకండి. పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా మీ చేతులు ముట్టుకున్నవన్నీ చెప్పండి. పక్కవాళ్ళను మాట్లాడనివ్వకుండా, మీ నోటితో చెప్పండి.