రెండో మైకు ఎక్కడ పెట్టాలి

2021లో అబుదాబి పక్కన ముసఫ్ఫాలోని ఒక పంపుల రిపేరు షెడ్డులో చేరినప్పుడు నా దగ్గర రెండు మైకులు, ఒక చిన్న కంప్యూటరు, బోలెడంత గర్వం ఉన్నాయి. మైకులనూ కంప్యూటరునూ ఒక ప్లాస్టిక్ డబ్బాలో బిగించాను. మూడోది ఎందులోనూ పట్టలేదు.

పంపులో బేరింగు అరిగితే, తిరిగేటప్పుడు అది సెకనుకు ఇన్నిసార్లని ఒక లెక్కగా కొట్టుకుంటుంది. ఆ లెక్క దొరికితే పంపు విప్పకుండానే ఏ భాగం పోయిందో చెప్పొచ్చు. చిక్కల్లా షెడ్డులోని గోలతోనే. లేతు, గ్రైండరు, స్తంభానికి బిగించిన పెద్ద ఫ్యాను, వీటన్నిటి మీదుగా అరుచుకునే మనుషులు. నా డబ్బాలో ఒక మైకు పంపును వింటుంది, రెండోది గోలను వింటుంది. రెండోది విన్నదాన్ని మొదటిదాంట్లోంచి తీసేయడం ఫిల్టరు పని. గోల మారితే అదీ మారుతుంది, క్షణక్షణం సర్దుకుంటూ పోతుంది. మిగిలినదాంట్లో దెబ్బలు లెక్కపెట్టడమే. కాగితం మీద బ్రహ్మాండంగా పనిచేసింది. కాగితం మీద గ్రైండరు ఉండదు మరి.

ఈ పనే ముప్ఫై ఏళ్లుగా వట్టి చెవులతో చేస్తున్న ఫిట్టరొకాయన ఆ షెడ్డులో ఉన్నాడు. జగిత్యాల దగ్గర ఊరు. అందరూ కాకా అనేవారు, నేను కోస్తావాణ్ణి కనుక బాబాయ్ అనేవాణ్ణి. పంపు మీద అరచెయ్యి పెట్టి, కాస్త తల వంచి, "బేరింగు వోయింది, ఇప్పుండ్రి" అనేవాడు. విప్పితే పోయే ఉండేది. నా డబ్బాను మొదటిరోజే చూసి, "గిది ఏం తింటది సారూ?" అని అడిగాడు. కరెంటు అన్నాను. "పని జేసినంక వెట్టు" అన్నాడు.

నెల తిరక్కుండానే ముదీర్, అంటే మా షెడ్డు మేనేజరు, మా ఇద్దరినీ ముందు నిలబెట్టి హిందీలో చెప్పేశాడు. గురువారం మూడు పంపులు తిప్పుతాం, ఒకదాంట్లో పాడైన బేరింగు ఉంటుంది, డబ్బా పట్టుకుంటే నీ ఉద్యోగం ఖాయం. తర్వాత బాబాయ్ వైపు తిరిగి, "డబ్బా వింటే చెవి ఎందుకు? ఒకటి చాలు, ఖలాస్" అన్నాడు. పై నెలలో బాబాయ్ వీసా అయిపోతుందని షెడ్డంతా తెలుసు. ఆయన నవ్వి చాయ్ తాగాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కంప్యూటరులో పెట్టుకున్నాను.

ఆదివారం అరిగిన పంపునొకదాన్ని తెచ్చి డబ్బా ముందు పెట్టాను. పక్కనున్న పిల్లి కూడా పారిపోయేంతగా కీచుమంటోంది. డబ్బా మాత్రం పంపు నిక్షేపంలా ఉందని చెప్పింది. ఫిల్టరు పొడవు పెంచాను, నేర్చుకునే వేగం తగ్గించాను, మళ్లీ పెంచాను. రెండు రోజులు అదే పాట. బాబాయ్ వచ్చి పోతూ, "ఇంక ఉపాసమేనా సారూ?" అని డబ్బాను పరామర్శించేవాడు.

మంగళవారం మధ్యాహ్నం వచ్చి పక్కన కూర్చున్నాడు. "గీ రెండో మైకు ఏం జేస్తది?"

"చెత్త శబ్దాన్ని వింటుంది బాబాయ్. దీనికి వినిపించిందల్లా తీసేస్తాం."

"మరి దీన్ని పంపు పక్కపొంటే వెట్టినవ్. పంపు మొత్తుకునేది గిది గూడ ఇంటున్నది గదా. గదీ చెత్తేననుకొని తీసి పారేస్తున్నది."

రెండు మైకులనూ డబ్బాలో పక్కపక్కనే బిగించింది నేనే. ముదీర్‌కు పంపే ఫోటోలో చక్కగా ఉంటుందని. రాళ్లు ఏరమంటే నా ఫిల్టరు బియ్యం కూడా పారబోస్తోంది. బాబాయ్ రెండో మైకును ఊడదీసి, తీగ లాక్కుంటూ వెళ్లి, మెడలోని తువ్వాలుతో ఫ్యాను స్తంభానికి కట్టాడు. తెర మీద గీత ఒకటి నిటారుగా లేచింది. సెకనుకు ఎనభై ఆరు దెబ్బలు. నేను కాగితం మీద వేసుకున్న లెక్క కూడా అంతే.

సంతోషం సగంలోనే ఆగిపోయింది. "ఎందుకు చెప్పావు బాబాయ్? ఇది గెలిస్తే నీ వీసా సంగతి తెలుసు కదా."

ఆయన తిరిగొచ్చి, చుట్టూ చూసి, నా ఎడమవైపునుంచి కుడివైపుకి జరిగి తన కుడిచెవి తట్టుకున్నాడు. "నాకు గీ చెవు రెండేండ్ల సంది ఇనవడ్తలేదు. గా చెవుల సన్నటి సప్పుడు రాదు. చెయ్యి వెట్టి అందాజ జెప్తున్న. మొన్న మంచిగున్నదని పంపిన పంపు వారంకే పట్టేసింది. షాఫ్టు ఇరిగి ఎగిరింది. పక్కకు మనిషి లేడు, గదే నా అదృష్టం. అప్పటిసంది నిద్ర లేదు సారూ. వీసా వోతే ఊరికి వోత. మనిషి వోతే యాడికి వోత?"

నాకు చాలా సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఆయన డబ్బాను ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. ఎప్పుడు పనిచేస్తుందా అని ఎదురుచూస్తున్నాడన్నమాట.

గురువారం డబ్బా మూడో పంపును పట్టుకుంది. విప్పి చూస్తే సరిగ్గా అదే. ముదీర్ చప్పట్లు కొట్టి, "యల్లా, ఇక ఇదొక్కటి చాలు" అన్నాడు. నేను గొంతు సవరించుకుని, మైకు ఎక్కడ పెట్టాలో నాకు తెలియదని, ఈయన పెడితేనే డబ్బా వింటుందని, నేను పెట్టినప్పుడు పోయిన పంపును బాగుందని చెప్పిందని చెప్పాను. చెవుల సంగతి చెప్పలేదు. అది చెప్పాలో వద్దో ఆయనిష్టం.

"అయితే నువ్వేం ఇంజినీరువి?" అన్నాడు ముదీర్.

నా ఉద్యోగం ఖాయం కావడం ఇంకో ఆరునెలలకు వాయిదా పడింది. బాబాయ్ వీసా కాగితాల మీద సంతకం పడింది. డబ్బాకు ఆయన్నే ఆపరేటరుగా రాశారు.

శనివారం పొద్దున ఆయన స్టోరులోంచి చెవులకు పెట్టుకునే ఎర్ర మఫ్స్ తెచ్చుకున్నాడు. షెడ్డులో అందరికీ ఇచ్చేవే. ముప్ఫై ఏళ్లలో ఆయన ఒక్కరోజూ పెట్టుకోలేదు, పెట్టుకుంటే పంపు వినపడదు కనుక. ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చుని, రెండు చెవులూ మూసుకుని, తెర మీద గీతను చూస్తున్నాడు. నేను పిలిచాను. పలకలేదు. దగ్గరికి వెళ్లి భుజం తట్టాను.

ఒక వైపు ఎత్తి, "మనుమరాలు మాటలు నేరుస్తున్నది సారూ. గీ మిగిలిన చెవు ఆమెకు దాస్తున్న" అన్నాడు.