మూడో పేరు

పోయిన మంగళవారం పొద్దున ఆరున్నరకు మా పక్కింటి టింబర్ మేస్త్రీ చనిపోయాడు. ఫస్టు షిఫ్టు వాళ్లు టిఫిన్ డబ్బాలు పట్టుకొని మా ముందు నుంచే గనికి నడుస్తున్నారు. ఆయన బిడ్డ నడుమ గోడ మీది నుంచి తల పెట్టి, "టీచరమ్మా, బాపు లేస్తలేడు" అన్నది. పోయి చెయ్యి పట్టుకొని చూశాను. ఇంకా వెచ్చగానే ఉంది. ఆ తర్వాత గడియారం చూశాను. ముప్పై ఒక్క ఏండ్లు బడి గంట కొట్టించిన మనిషికి ఆ అలవాటు పోదు. "ఏడవాల్సిన చోట టైము చూసినవేందమ్మా" అని మా అబ్బాయి అడిగాడు.

తొమ్మిదేండ్ల నాలుగు నెలలు ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆయన గురించి రాయాలని కూర్చున్నాను గాని, రాస్తున్నంతసేపూ మనసు కుదురుగా లేదు. ఆయన మంచితనం చెప్పాలంటే నా సంగతి కూడా చెప్పాలి. అది నాకు ఇష్టమైన పని కాదు.

గనిలో పైకప్పు కూలకుండా కర్ర గుంజలు నిలబెట్టడం ఆయన పని. లోపలికి పోగానే టింబర్ మేస్త్రీ ముందు కప్పును వింటాడు. ఎడమ అరచెయ్యి బండకు ఆనించి, కుడిచేతిలోని కట్టెతో కొడతాడు. గట్టిగా మోగితే సరే. డొల్లగా పలికినా, అరచేతి కింద సన్నగా వణికినా, అక్కడ గుంజ పెట్టేదాకా ఎవరినీ అడుగు వెయ్యనివ్వడు. ఈ అలవాటును ఆయన ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. కొత్త ఇంట్లోకి పోతే గోడ తట్టేవాడు. మంచం మీద కూర్చునే ముందు పట్టె తట్టేవాడు. నేను ఎంతో చూసి కొనుక్కున్న బీరువాను రెండు వేళ్లతో తట్టి, "టీచరమ్మా, దీన్ల బట్టలు పెట్టుకో గని, భరోసా పెట్టుకోకు" అన్నాడు. నాలుగో నెలలోనే దాని తలుపు ఊడింది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఎట్లా తెలిసిందో ఏమో, ఆదివారం సుత్తి, మొలలు పట్టుకొని వచ్చాడు.

చదువు లేదు. నేను పేపరు చదువుతుంటే గోడకు అటువైపు నిలబడి వినేవాడు. నేను ఒక వార్త విడిచిపెడితే, "నడుమల ఏదో మింగినవ్" అనేవాడు. ఆ మాటకు బడిలోనైతే గోడ కుర్చీ వేయించేదాన్ని.

ఎమర్జెన్సీ రెండో ఏట మాకు ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి టీచరూ కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు ముగ్గురిని తీసుకురావాలి. తేకపోతే జీతం ఆగుతుంది. వాళ్లను కేసులు అనేవాళ్లు. నేను కూడా అన్నాను. బడి విడిచాక నోటుబుక్కు పట్టుకొని బస్తీలో తిరిగాను. నా దగ్గర అక్షరాలు దిద్దిన పిల్లల తల్లులు నన్ను చూసి తలుపులు వేసుకున్నారు. ఇటుక బట్టీలో పనిచేసే ఒకాయన, రిక్షా తొక్కే ఒకాయన ఒప్పుకున్నారు. మూడో పేరు దొరకలేదు. గడువు రెండు రోజులు ఉంది.

"ఏంది టీచరమ్మా, రోజు చెప్పులు అరగదీస్తున్నవ్?" అని మేస్త్రీ గోడ మీది నుంచి అడిగాడు.

"ఒక పేరు తక్కువైంది."

"గంతేనా? నాది రాయి."

"నీకెందుకయ్యా? నువ్వు రాకపోతే నిన్ను అడిగేవాళ్లు ఎవరూ లేరు."

"నాకు ముగ్గురు పిల్లలు. ఇగ చాలని మా ఇంటామె ఎప్పుడో చెప్పింది. నాకు పొయ్యేదేమున్నది? నువ్వు బడికి పోకపోతే గీ పోరగాండ్లను ఎవరు కొడతరు?"

నేను ఒక్కసారి వద్దన్నాను. రెండోసారి అనలేదు. పేరు రాశాను. ఆ కాగితంలో మూడు పేర్లూ ఒకే తీరుగా, వరుస తప్పకుండా ఉన్నాయి.

ఆపరేషన్ చేసిన చోట ఆయనకు చీము పట్టింది. ఇరవై మూడు రోజులు డ్యూటీకి పోలేదు. నేను రోజూ గంజి కాచి పంపాను. జ్వరంలో కూడా ఆయన, "టీచరమ్మ గంజిల ఉప్పు సుత కొలిచే వేస్తది" అని నవ్వేవాడట. ఒక్కసారైనా నా ముందర మూలిగి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

ఆపరేషన్ల క్యాంపు దగ్గర నుంచి ఆయనను ఇంటికి తీసుకొచ్చింది మా బస్తీ మూలమీది సైకిల్ షాపు ఆయన. ఢిల్లీలో రాజ్యం చేస్తున్న పార్టీ జెండా ఆ షాపు మీదనే ఎగిరేది. క్యాంపు నాడు పెద్దవాళ్ల మెడలో వెయ్యడానికి దండ పట్టుకొని నిలబడ్డది కూడా ఆయనే. సాయంత్రం మేస్త్రీని సైకిల్ మీద కూర్చోబెట్టి, పడకుండా ఒక చేత్తో పట్టుకొని, మైలున్నర తోసుకుంటూ వచ్చాడు. నేను రెండూ చూశాను.

ఎమర్జెన్సీ పోయింది. ఢిల్లీలో ప్రభుత్వం మారింది. ఆ ఎన్నికలో నేను పాత పార్టీకి వ్యతిరేకంగా, ఏ అనుమానమూ లేకుండా ఓటు వేశాను. రెండు నెలలకు మా వార్డు మెంబరు చనిపోతే ఆ ఖాళీకి ఎన్నిక పెట్టారు. పంచాయతీకి పార్టీ గుర్తులుండవు. సైకిల్ షాపు ఆయనకు గొడుగు వచ్చింది. ఆయన మీద నిలబడ్డది ఇసుక కాంట్రాక్టరు. అతనికి చెంబు గుర్తు. అతను నెల కిందనే కొత్త ప్రభుత్వం జెండా కప్పుకున్నాడు. అంతకుముందు అన్ని జెండాలూ కప్పుకొని ఉన్నాడు.

మా బస్తీలో మోరీ తవ్వించింది, ఎండాకాలం నీళ్ల ట్యాంకరు తెప్పించింది, కాన్పు కష్టమైన ఆడవాళ్లను దవాఖానకు చేర్చింది సైకిల్ షాపు ఆయన. ఇందులో ఒక్కటి కూడా నేను కాదనను. అయినా, ఉత్తరాలు చదివించుకోవడానికి నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు "ఎవరికి వెయ్యాలె టీచరమ్మా" అని అడిగితే, గొడుగుకు వద్దన్నాను. పద్నాలుగు మందికి చెప్పాను.

ఆ సాయంత్రమే మేస్త్రీ వచ్చి నా అరుగు తట్టి కూర్చున్నాడు.

"మన లైన్ల ఆడోళ్లకు గొడుగుకు వెయ్యద్దన్నవట. వానకాలం ముందట గొడుగు మీద గింత పగేంది?"

"నవ్వులాట కాదు మేస్త్రీ. మనుషులను ఆ పార్టీ సంతలో పశువులను లెక్కపెట్టినట్టు లెక్కపెట్టించింది. దానికి ఏ ఊళ్లోనూ ఒక్క ఓటు పోవద్దు."

"కాగితం మీద గొడుగే ఉన్నది. జెండా లేదు గద."

"షాపు మీద ఉన్నది."

"షాపు మీద ఉన్నది. షాపు లోపట మనిషున్నడు."

"ఆ మనిషే దండ పట్టుకొని నిలబడ్డాడు."

"నిలబడ్డడు. నన్ను ఇంటికి తోలుకొచ్చేటప్పుడు తొవ్వ పొడుగూత ఒక్క మాట మాట్లాడలే. దించినంక 'మాఫ్ చెయ్యి అన్నా' అన్నడు. ఢిల్లోళ్లు అన్నరా గా మాట?"

"అనలేదు. అందుకే చెప్తున్నాను. ఈయన ఇక్కడ గెలిస్తే, మేం చేసింది జనానికి నచ్చిందని వాళ్లు అక్కడ చెప్పుకుంటారు. చిన్న ఓటు, పెద్ద ఓటు అని రెండు ఉండవు."

ఆయన నేనిచ్చిన చాయ్ ఒక గుటక తాగాడు. "గది గూడ నిజమే" అన్నాడు. "మరి కాంట్రాక్టరు మంచోడా?"

"కాదు."

"ఎరికుండే చెప్తున్నవ్."

"ఎరికుండే చెప్తున్నాను. నువ్వే చెప్పు, గనిలో కప్పు తట్టనిదే అడుగు వెయ్యవు కదా? ఆ పార్టీని తట్టి చూసినవాళ్లం కదా మనం?"

"గది బండ, టీచరమ్మా. బండ అబద్ధమాడది, మారది. మనిషిని గట్ల తట్టి చెప్పస్తదా?" అని చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఒక్కటడుగుత, కోపం చెయ్యకు. కోసింది నన్ను. నాకే లేదు కోపం. నీకెందుకు గింత? నీ కోపం సైకిల్ షాపాయన మీదనా, నీ మీదనా?"

"చీకటి పడుతుంది, ఇంటికి పో మేస్త్రీ" అన్నాను. చీకటి పడటానికి ఇంకా గంట ఉంది. ఆయన లేచి పోయాడు. చాయ్ సగం అట్లాగే ఉంది.

ఓటు వేసేటప్పుడు కాగితం ముందర పెట్టుకొని చాలాసేపు నిలబడ్డాను. బయట నుంచి పోలింగు ఆయన, "అయ్యిందా అమ్మా" అని పిలిచాడు. చెంబు మీద ముద్ర వేశాను. గొడుగు పదకొండు ఓట్లతో ఓడింది. ఆరుగురు ఇటు నుంచి అటు మారితే ఫలితం మారేది. నా మాట విన్నవాళ్లు పద్నాలుగు మంది, నేను ఒకదాన్ని. ఈ లెక్క చెయ్యమని నన్ను ఎవరూ అడగలేదు.

వానలు మొదలయ్యేసరికి కాంట్రాక్టరు ఇసుక కుప్పలు మా మోరీ మీదికి వచ్చాయి. అడిగితే రేపన్నాడు, ఎల్లుండన్నాడు. శ్రావణంలో ఒక పొద్దున నీళ్లు పల్లంలోని ఇళ్లలోకి ఎక్కాయి. మా ఇల్లు ఎత్తు మీద ఉంది. నడుమ గోడకు అటు నేల దిగుతుంది, మేస్త్రీ ఇల్లు ఆ దిగుడులో ఉంది. నేను పోయేసరికి ఆయన మోకాళ్ల లోతు నీళ్లలో ఇనుప తట్టతో ఎత్తిపోస్తున్నాడు. అప్పటికే ఛాతీలో దమ్ము, ఆయాసం ఉండేది. నాలుగు తట్టలకు ఒకసారి గోడ పట్టుకొని నిలబడి ఊపిరి తీసుకుంటున్నాడు.

"చీర తడుస్తది టీచరమ్మా, గట్టు మీద నిలబడు."

"అను మేస్త్రీ. నువ్వు చెప్పిందే అయింది అని ఒకసారి అను."

"నేనేం చెప్పిన? నేను మోరీ సంగతి చెప్పిన. నువ్వు ఢిల్లీ సంగతి చెప్పినవ్. రెండు నిజమే ఉండె. గందుకే గద గింత లొల్లి" అని ఇంకో తట్ట ఎత్తాడు. నేను చీర కుచ్చిళ్లు దోపుకొని దిగాను. ఆయన వద్దనలేదు. ఒక గిన్నె నా చేతికిచ్చాడు.

పది గంటలకు సైకిల్ షాపు ఆయన పార పట్టుకొని వచ్చాడు. ఓడిన మనిషికి ఏం పని అని ఎవరూ అడగలేదు. ఇసుక తీసి మోరీ పారించాడు. పోతూ పోతూ నాకు "నమస్తే టీచరమ్మా" అన్నాడు, ఎప్పటిలాగే. తిట్టి ఉంటే బాగుండేది. అయితే ఆయన షాపు మీద ఆ జెండా ఆ రోజు కూడా ఎగురుతూనే ఉంది. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండింది. ఈ రెండూ ఒకే గంటలో జరిగాయి.

మేస్త్రీకి పుష్యమాసపు చలిలో దమ్ము ఎక్కువైంది. బొగ్గు దుమ్మే కారణమని డాక్టరు చెప్పాడు. అది నిజమే. ఆ నీళ్ల వల్ల కాదని నాకు నేను చెప్పుకుంటున్నాను. చెప్పుకోవలసి వస్తోంది.

మూడో దినం నాడు ఆయన భార్య నా పక్కన కూర్చొని, "అక్కా, గా వార్డు ఓట్ల దినం ఒకటైంది, నీకు చెప్పలే" అన్నది. "'నేనైతే గొడుగుకే వేస్త. నువ్వు టీచరమ్మ చెప్పిన దానికే వెయ్యి' అన్నడు. గదేంది, ఒక్క ఇంట్ల రెండు దిక్కులా అన్న. 'మన ఇంట్లకెళ్లి ఆమెకు ఒక్కటన్న పోవాలె. నేను ఆమెను మస్తు మాటన్న. ఆమె ఒక్కతే అయిపోవద్దు' అన్నడు."

ఆమె నన్ను ఓదార్చడానికే చెప్పింది. నేను ఆమె ఓటును ఇన్నాళ్లూ గొడుగు లెక్కలో వేసుకున్నాను. నా మాట మీద పడ్డవి పద్నాలుగు కాదు, పదిహేను. ఆయన నమ్మని గుర్తుకు, నా కోసం, తన ఇంట్లోంచి ఒక ఓటు పంపాడు. మొదటిసారి ఆయన పేరు నేను తీసుకున్నప్పుడు నాకు తెలిసే తీసుకున్నాను. ఇది తెలియకుండా తీసుకున్నాను. తిరిగి ఇచ్చే దారి రెండింటికీ లేదు.

వచ్చే నెల అసెంబ్లీ ఓట్లు. మళ్లీ అదే జెండా, మళ్లీ మంచివాడని పేరున్న మనిషి. ఢిల్లీ సంగతిలో నా అభిప్రాయం మారలేదు. మారదు కూడా. కానీ నిన్న మధ్యాహ్నం ఆడవాళ్లు వచ్చి అరుగు మీద కూర్చొని, "ఎవరికి వెయ్యాలె టీచరమ్మా" అని అడిగితే ఏ గుర్తూ చెప్పలేదు. "చదువుకున్నదానివి, నువ్వే చెప్పకపోతే ఎట్ల?" అని ఒకామె గట్టిగానే అన్నది. లోపలికి పోయి పాత పరీక్ష కాగితాలు తెచ్చాను. ఒక్కొక్కరికి ఒకటి ఇచ్చి, ముద్ర వేసిన ఓటు కాగితాన్ని తడి సిరా పక్క గుర్తుకు అంటకుండా ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా ఎట్లా మడవాలో చూపించాను. మడత వంకరపోతే విప్పించి మళ్లీ మడిపించాను. దినాలు ఇంకా కాలేదు, అయినా మేస్త్రీ భార్య కూడా వచ్చి చివరన కూర్చొని మడిచింది. "గింతేనా?" అన్నారు. "ఇంతే" అన్నాను. గొణుక్కుంటూ పోయారు.

కాగితాలు అరుగు మీదనే విడిచిపోయారు. ఏరడానికి వంగాను గాని ఏరలేదు. రెండో షిఫ్టు లారీలు పోతుంటే గాలికి ఆ మడతలు ఒక్కొక్కటే, తొందర లేకుండా, విచ్చుకుంటున్నాయి.