ఎదురింటి తలుపు

విశాఖలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా పనిచేశాను. రిటైర్మెంటుకి రెండేళ్ళ ముందు, చెరకు నరుకుళ్ళు జోరుగా సాగుతున్న జనవరిలో, చోడవరం నుంచి దేవరాపల్లి వెళ్ళే దారిలోని ఒక ఊరికి నన్ను డ్యూటీ మీద పంపారు. ఉత్తర్వులో ఒకే వాక్యం ఉంది: హతుడి కుటుంబానికి మానసిక సహాయం అందించవలెను.

కాలువ నీటి వంతు దగ్గర మాటా మాటా పెరిగి, రమణ అనే రైతు తన ఎదురింటి సూరిబాబుని పారతో కొట్టాడు. సూరిబాబు అక్కడికక్కడే పోయాడు. రమణని రిమాండుకి పంపారు. నేను వెళ్ళేసరికి మూడో రోజు.

మా పనిలో తొలి రోజుల్లో ఏం జరిగిందో చెప్పమని ఎవరినీ గుచ్చి గుచ్చి అడగం. నిద్ర పడుతోందా, రెండు ముద్దలు తింటున్నారా, పక్కన ఎవరైనా ఉంటున్నారా అని మాత్రం కనుక్కుంటాం. పేర్లన్నీ ఒక పట్టికలో ఎక్కించి, ఎక్కువ ప్రమాదంలో ఉన్నవారికి ఎర్ర గుర్తు పెడతాం. ఆ పట్టిక నింపడంలో నన్ను మించినవారు లేరని నాకు కాస్త గీర కూడా ఉండేది.

సూరిబాబు తల్లి పైడమ్మకి ఎర్ర గుర్తు పెట్టాను. చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి చుట్టాలు వండి తెచ్చిన క్యారేజీలు ఆవిడ పక్కన మూత తీయకుండానే ఉన్నాయి. అరుగు మీద స్తంభానికి ఆనుకుని వీధిలోకే చూస్తోంది. షాక్‌లో ఉందని రాసుకున్నాను.

“ఆ కాయితంలో ఎవులెవుల్ని రాసేవు తల్లీ?” అని అడిగింది. చదివి వినిపించాను.

“ఎదురింటోల్ని రాయనేదేటి?”

నాకొచ్చిన ఉత్తర్వు హతుడి కుటుంబానికేనని చెప్పాను.

“నా కొడుకుని సంపినోడు జైల్లోనే సావాల. ఆ మాట నాను మార్సను. గానీ ఆ గుమ్మంలో మూడు దినాలై పేడనీళ్ళు పడనేదు. పొగ నేదు. పిల్లగుంట గొంతు కూడా ఇనబడనేదు. ఎల్లి సూడు.”

ఒక క్యారేజీ నా చేతిలో పెట్టింది. టెంటు కింద కూర్చున్న ఆవిడ మరిది లేచి, ఆల కొంపకి కూడు పంపుతావేటని నిలదీశాడు. నా ఇంటికొచ్చిన కూడు, నా ఇష్టం అందావిడ.

వెళ్ళి తలుపు కొట్టాను. ఆసుపత్రి నుంచి వచ్చానని, భయపడొద్దని, ఉద్యోగంలో అలవాటైన మెత్తని గొంతుతో పదే పదే చెప్పాను. ఉలుకూ పలుకూ లేదు. మైలలో ఉన్న మనిషి ఇంకొకరి గడప తొక్కకూడదు. అందుకే పైడమ్మ అరుగు దిగి వీధి మధ్య దాకా మాత్రమే వచ్చి నిలబడింది.

“ఒసే కొండమ్మా, నానే. తలుపు తియ్యి. గుంటకి కూడెట్టు.”

గడియ తీసిన చప్పుడు వినిపించింది.

లోపల రమణ భార్య కొండమ్మ, ఎనిమిదేళ్ళ కూతురు మూడు రోజులుగా మంచినీళ్ళ మీదే ఉన్నారు. ఊరు తమ మీద పడుతుందని భయం. పాప అన్నం తింటుంటే, ఇక తనూ పిల్లా బతికి ఉండకూడదని పొద్దున్నే అనుకున్నానని కొండమ్మ నాతో చెప్పింది. ఇలాంటి మాట విన్నాక మా నియమం ఒక్కటే, ఆ మనిషిని క్షణం కూడా ఒంటరిగా వదలకూడదు. రోలుగుంట నుంచి ఆమె అన్న వచ్చేదాకా పక్కనే కూర్చున్నాను. సాయంత్రంలోగా ఆసుపత్రిలో డాక్టరుకి చూపించాం.

తర్వాత ఏడాది పాటు ఫాలోఅప్‌కి వెళ్ళాను. పైడమ్మ కొండమ్మతో మళ్ళీ ఒక్క మాట మాట్లాడలేదు. రాజీ ఊసెత్తినవారిని గుమ్మం ఎక్కనివ్వలేదు. కానీ పదకొండో రోజు దాకా ఆ ఇంటికి క్యారేజీ వెళ్ళింది. కడుపుకోతతో కూర్చున్న మనిషి ఎదురింటి పొగ కోసం ఎలా చూడగలిగిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. నేను చదివిన చదువులో దానికి పేరు లేదు.

ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళినా నిందితుడి ఇంటికి కూడా మొదటి రోజే వెళ్ళాను. మా కేసు కాగితంలో ‘ప్రమాదాన్ని మొదట గుర్తించినవారు’ అని ఒక గడి ఉంటుంది. మామూలుగా అక్కడ మా పేరే రాసుకుంటాం. ఆ రోజు కొండమ్మ కాగితంలో మాత్రం ‘పైడమ్మ, హతుడి తల్లి’ అని రాశాను.