ముళ్లకంప అవతల పచ్చ లైటు

మా బావమరిది పోయాడండీ. పొద్దున్నే కాఫీ తాగాడంట, కుర్చీలో ఎనక్కి వాలాడంట, అంతే. మేనల్లుడు గోడ మీద నుంచి "మావయ్యా, మావయ్యా" అని పిలిస్తే, "ఏందిరా, మీ నాయన మళ్లీ నా మీద ఫిర్యాదు పంపాడా?" అన్నా. వాడు ఏడుస్తన్నాడని అప్పుడు చూశా.

మాది నరసరావుపేట. పక్కపక్క ఇళ్లు, మధ్యలో ఒకటే గోడ. వాడు నా ఇంటిదాని తమ్ముడు. ఆమె వాడికన్నా ముందే పోయింది. బావా బావమరుదులం కాబట్టి తిట్టుకోడానికి మాకు ఎవరి పర్మిషనూ అక్కర్లా. వాడికి ఫొటో స్టూడియో ఉండేది. పెళ్లి వీడియోలు తీసి కంప్యూటర్లో మిక్సింగ్ చేసేవాడు. రొంపిచెర్ల నుంచి నాదెండ్ల దాకా వాడి కెమెరా ముందు తలొంచుకోని పెళ్లికూతురు లేదు.

ఒకసారి ఆ షాపులో ఘోరం జరిగింది. ఎక్కడున్నా ఫైళ్లు తెరుచుకోవచ్చని ఎవరో చెప్తే, నెట్టు డబ్బాలో, అదే రౌటర్లో, బయటికి ఒక దారి తెరిచిపెట్టాడు. ఏ దేశపోడో ఆ దారినే దూరి, వీడియోలన్నిటికీ తాళమేసి, డబ్బు పంపితే తీస్తామన్నాడు. మిగతావి వేరే కాపీలుండి దక్కినయ్ గానీ, ఒక పెళ్లి మొత్తం పోయింది. ఆ పిల్ల తండ్రి పెళ్లైన కొన్నాళ్లకే చనిపోయాడు. ఆయన నడుస్తా, నవ్వుతా ఉన్న వీడియో అదొక్కటే. పిల్ల షాపుకొచ్చింది. కాసేపు కూర్చుని, ఉత్త చేతుల్తో ఎళ్లిపోయింది. "తిట్టినా బాగుండేది బావా" అని వాడు ఎన్నిసార్లు అన్నాడో.

ఆ తర్వాత మనిషి మారాడు. షాపు మూసేశాక మిగిలిన వీడియోలన్నీ ఒక డిస్కులో పెట్టి, దాన్ని ఇంట్లో నెట్టు డబ్బాకి తగిలించాడు. వాళ్లింట్లో, మా ఇంట్లో ఫోన్లలో చూసుకోవచ్చు. బయటోడికి మాత్రం ఈగ దూరే సందు లేదు. నేను ఏడో తరగతి కాడ ఆపినోణ్ణి, అయినా కూర్చోబెట్టి చెప్పేవాడు.

"డబ్బాతో వచ్చిన పాస్‌వర్డు ముందు మార్చాలి బావా. అది ఊరందరికీ తెలిసిన తాళం. ఎవరడిగితే వాళ్లకి తనంతట తనే దారి తెరిచే సెట్టింగ్ ఒకటుంటది, దాన్ని ఆపాలి. చుట్టాలొస్తే వేరే వైఫై ఇయ్యాలి. వసారాలో కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాం గానీ, బీరువా కాడికి రానిస్తామా?"

"ఇంత ఫైర్‌వాల్ ఎందుకురా, మనకున్న గోడ చాలదా?"

"దాన్ని నీలాంటోడు దూకుతాడు."

నా ఫోనుకి ఆ డబ్బాలో 'దొంగబావ' అని పేరు పెట్టాడు. నేను అందులోకి ఎప్పుడొచ్చానో, ఎప్పుడు పోయానో వాడికి తెలిసేది.

నేను వచ్చేది ఒక్కదానికే. మా పెద్దోడి పెళ్లి వీడియోలో, భోజనాల కాడ, మా ఇంటిది కనపడదు. కెమెరా అంటే పారిపోయేది. గొంతు మాత్రం పడింది. "ఇంకెంతసేపయ్యా, అన్నం చల్లారిపోతంది, రా." అంతే. ఆమె గొంతు లోకంలో ఇంకెక్కడా లేదు. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని అది పెట్టుకునేవాణ్ణి. గోడవతల నుంచి వాడు, "అక్క పిలుస్తంది, పో బావా" అనేవాడు.

"ఇంకో కాపీ మీ ఇంట్లో పెడతా" అన్నాడు ఒకసారి.

"ఒక్కదానితోనే ఏగలేక చచ్చా, రెండోది ఎందుకురా?"

నవ్వి నవ్వి దగ్గొచ్చింది వాడికి. ఆ రెండోది వాళ్ల బీరువాలోనే పెట్టుకున్నాడు.

పంతులు పంచాంగం చూసి, వాడు పోయిన నక్షత్రం మంచిది కాదు, ఆర్నెల్లు ఇల్లు మూసెయ్యాలన్నాడు. కర్మలయ్యాక తాళమేసి, వాకిలికి అడ్డంగా ముళ్లకంప పెట్టి, వాళ్లందరూ మాచర్లలో వాడి కూతురింటికి పోయారు. పోయే ముందు మేనల్లుణ్ణి పట్టుకున్నా.

"ఒరేయ్, ఒక్క నిమిషం తలుపు తీయరా, డిస్కు తెచ్చుకుంటా."

"అమ్మ ఒప్పుకోదు మావయ్యా. గడువు తీరకుండా గడప తొక్కితే ఇంకొకళ్లని తీసకపోతదంట."

"నన్ను తీసకపోతే నష్టమేందిరా?"

వాడు తాళంచెవి జేబులో ఏసుకుని పోయాడు.

కానీ వాళ్లు కరెంటు మెయిన్ ఆపటం మర్చిపోయారు. సాయంత్రం చూస్తే కిటికీ అద్దంలో పచ్చ లైటు మినుక్కుమంటంది. అప్పటికే నెట్టు కట్ చేయించారు. అయినా ఫోను తెరిస్తే వీడియో వచ్చింది. "నెట్టు పోయినా మీ ఇంటికీ మా ఇంటికీ మధ్య దారి పోదు బావా" అనేవాడు, నేను నమ్మలా. పోయినోడు కట్టిన దారిలో నడిచి, ఇంకా ముందు పోయినామె గొంతు విన్నా. గోడవతల నుంచి పో బావా అనేవాడు లేడు. అది విని కూడా లేవబుద్ధి కాలా.

మొన్న ఒక సాయంత్రం ఉరుములొచ్చి కరెంటు పోయింది. తిరిగొచ్చింది. వీధి వీధంతా వెలిగింది. ఆ కిటికీ వెలగలా.

మేనల్లుడికి ఫోన్ చేశా. "బయట నుంచి తెరిచే వీలేమన్నా పెట్టాడేమో చూడరా."

"నాన్న అట్టాంటిది పెట్టే మనిషా మావయ్యా?"

కాదు. లోకంలో దొంగలందర్నీ ఆపాడు. నక్షత్రాన్ని లెక్కేసుకోలా.

డబ్బా కాలిందో, డిస్కే కాలిందో, బీరువాలోది బాగుందో లేదో, తలుపు తీస్తేగానీ తెలవదు. ఆర్నెల్లంటే మీకు చిన్న మాట. ఈమధ్య నా రిపోర్టులు చూసినకాడి నుంచి డాక్టరు నా మొహం చూసి మాట్లాడటం మానేశాడు, గోడ మీది క్యాలెండర్ చూసి మాట్లాడుతన్నాడు. నాకు ఆయన్ని ఎగతాళి చేయబుద్ధి కాలా. వాడు లేకుండా ఎవరితో చెప్పుకుని నవ్వాలి?

ఒరేయ్, ఇన్నాళ్లు మీ అక్క గొంతు నీ వల్లే విన్నా. ఆ మాట నీ మొహాన ఎప్పుడూ చెప్పలా. చెప్తే నువ్వు నమ్మేవాడివీ కాదు.

ఇయ్యాల కూడా ఫోను తీసకపోయి, కిటికీకి దగ్గరగా ఉంటదని గోడ మీద పెట్టా. అవతల కంప మీద ఎండుటాకులు పడి ఉన్నాయి. ఇంట్లో నుంచి కోడలు అన్నానికి పిలుస్తంది. వస్తన్నానమ్మా అన్నా. గోడ మీద ఫోన్లో సున్నా తిరుగుతానే ఉంది, వాడి డబ్బా కోసం వెతుకుతా.