ఆరు గంటల రిపోర్టు

1976 ఏప్రిల్ ఇరవై ఎనిమిది. ఉదయం ఆరూ నలభైకి విజయవాడ స్టేషన్లో దిగాను. ఎనిమిదింటికి బందరు బస్సు. తొమ్మిదిన్నరకి ఉయ్యూరు దాటి మా ఊరి లాకుల దగ్గర దిగాను. కాలవకి నీళ్ళు కట్టేసి పది రోజులైంది. అడుగున బురద నెర్రెలిచ్చి ఉంది. నా సామాను ఒక ట్రంకు పెట్టె, బీపీ యంత్రం, రెండు థర్మామీటర్లు, ఒక జత కాన్వాసు బూట్లు. బూట్లు నాకు కాదు.

సైన్యంలో నర్సుగా పద్నాలుగేళ్ళు చేశాను. కెప్టెన్ హోదా. నర్సు కూడా సైనికురాలేనా అని అడిగేవాళ్ళున్నారు. గుడారంలో లాంతరు వెలుగులో ఒకడి కాలు తీసేస్తుంటే, రెండో కాలు కదలకుండా పట్టుకుని నిలబడి, అప్పుడు అడగండి. నా పోస్టింగులన్నీ ఆర్డరు మీద పడ్డవే. ఈ అరవై రోజులు మాత్రం నా సెలవు. నాకు నేను వేసుకున్న డ్యూటీ.

పేషంటు మా అన్నయ్య. రిటైర్డు హవల్దారు, ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. కాలవలో నీళ్ళున్నన్నాళ్ళూ రోజూ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పదిసార్లు ఈదేవాడు. అంతకుముందు చలికాలంలో అతని పొట్టలో పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బిందని తేలింది. పగిలితే మనిషి దక్కడు. మార్చిలో మిలటరీ ఆస్పత్రిలో పొట్ట కోసి, ఉబ్బిన చోట గుడ్డ గొట్టం వేసి కుట్టారు. టెరిలిన్ లాంటి గుడ్డే.

"బయట మంగళగిరి పంచె, లోపల టెరిలిన్. ఇంత షోకు మన వంశంలో ఎవడికుందే!" అన్నాడు మంచం మీంచి. పడుకునే సెల్యూట్ కొట్టాడు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. హోదాలో నాకు కింద. ఆ వేళాకోళం మా ఇద్దరికీ పాతదే.

ఆస్పత్రి నుంచి వచ్చింది మొదలు వదిన అతన్ని మంచం దిగనివ్వలేదు. దుప్పటి మడిచి నడుముకి కట్టింది. ఈతగాడి తొడలు చేతికర్రల్లా అయిపోయాయి.

"డాక్టరు నడవమన్నాడు వదినా. కాగితం చూశావా?"

"కాగితానికేం, ఎన్నైనా చెబుతుంది. పొట్ట కోసిన మనిషమ్మా! కుట్టు ఊడితే నువ్వొచ్చి కుడతావా?"

"కుడతాను. ఈలోగా నువ్వు మంచం మీద పెట్టి చంపకుండా ఉంటే."

మూడో రోజు ఉయ్యూరు పోస్టాఫీసు నుంచి ట్రంకు కాల్ చేశాను. సర్జన్ కల్నల్ గారు ఎక్కువ మాట్లాడరు.

"నడుస్తున్నాడా సిస్టర్?"

"మొదలుపెట్టించాను సార్."

"రోజూ కొంచెం పెంచండి. ఇప్పట్లో బరువులు ఎత్తనివ్వద్దు. ఈత నేను చూశాకే. జ్వరం వచ్చినా, నడుం నొప్పి వచ్చినా వెంటనే నా దగ్గరికి పంపండి. వెంటనే."

ఆర్డరు స్పష్టంగా ఉంది. నాకు వినపడలేదని చెప్పుకునే దారి లేదు.

అయిదూ నలభై అయిదుకి లేపేదాన్ని. ఆరింటికి జ్వరం, బీపీ చూసి రాసుకోవడం. ఆరూ పదికి నడక. మొదటి రోజు మంచం నుంచి గేటు దాకా, నలభై అడుగులు. అయిదో రోజు చర్చి గోడ. ఇరవయ్యో రోజు లాకులు, మైలు దూరం. నలభయ్యో రోజు రెండు మైళ్ళు, నలభై రెండు నిమిషాలు. తొడలకి కండ పట్టింది. అన్నం మళ్ళీ అడిగి పెట్టించుకున్నాడు. స్కూలు తెరిచేనాటికి గ్రౌండులో నిలబడాలి, కాలవకి నీళ్ళొస్తే ఒక్కసారి ఈదాలి. ఆ రెండు కోరికలే ఉండేవి.

రోజూ ఆరింటికి వరండాలో మడమలు కలిపి నిలబడేవాడు. "జ్వరం లేదు. నొప్పి లేదు. ఆల్ కరెక్ట్, మేడమ్!"

నేను నవ్వి రాసుకునేదాన్ని.

మొదటి మూడు వారాలు సాయంత్రం కూడా జ్వరం చూశాను. చార్టులో గీత తాడు కట్టినట్టు తిన్నగా ఉంది. మానేశాను. సైన్యంలో జబ్బు చెప్పుకునే వేళ ఉదయమే. పొద్దెక్కాక చెప్పుకున్నవాణ్ణి పనిదొంగ అంటాం. ఆ అలవాటు సెలవులోనూ నాతో వచ్చింది. నొప్పి ఉందంటే పెరేడ్ నుంచి తీసేస్తారని జవాన్లు దాచుకుంటారు. అలాంటివాళ్ళని వందమందిని పట్టుకున్నాను, వాళ్ళెవరూ నా అన్న కాదు.

నలభై మూడో రోజు వదిన వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మాయ్, సాయంత్రాలు మీ అన్నయ్య ఒళ్ళు కాస్త..."

"నీకేం తెలుసు వదినా? మళ్ళీ మంచం ఎక్కించే ఎత్తేగా ఇది! పొద్దున చూశాను, ఏం లేదు."

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

జూన్ పద్నాలుగు. బెజవాడలో కాలవ వదిలారు. ఉదయం ఏడూ ఇరవైకి మా లాకుల దగ్గరికి నీళ్ళొచ్చాయి. తొలి నీళ్ళు ఎర్రగా, నురగతో, ఎండుటాకుల్ని ముందుకి తోసుకుంటూ మనిషి నడిచినంత వేగంగా వస్తాయి.

"పందెం!" అని గట్టు మీద నీళ్ళ పక్కనే బయల్దేరాడు. చర్చి వంతెన దాకా అర మైలు. పది గజాల తేడాతో నెగ్గాడు.

"నిండాక దిగుతానే."

"జులైలో కల్నల్ గారు చూశాక."

"చిత్తం, మేడమ్."

జూన్ ఇరవై ఆరున రైలెక్కాను. స్టేషన్ దాకా వచ్చాడు. నా ట్రంకు పెట్టె తనే ఎత్తబోతే తిట్టాను. రైలు కదిలాక సెల్యూట్ కొట్టి, "ఆల్ కరెక్ట్!" అని అరిచాడు.

జులై పదమూడున టెలిగ్రాం. నేను చేరేసరికి సమాధి మీద మట్టి ఇంకా తడిగానే ఉంది. కాలవ నిండుగా పారుతోంది. అందులో అతను దిగనే లేదు.

"జూన్ నెలంతా సాయంత్రం జ్వరం వచ్చేది. నడుం నొప్పి అనేవాడు. మా కెప్టెన్‌కి చెబితే నడక ఆపేస్తుంది, చెప్పకే అన్నాడు," అంది వదిన.

"నువ్వైనా నాకు చెప్పొద్దూ?"

"చెప్పబోయాను."

 

లోపల గొట్టానికి చీము పట్టిందని కల్నల్ గారు రాశారు. నడక దానికి కారణం కాదన్నారు. జ్వరం మొదలైన వారంలో తెచ్చి ఉంటే బతికేవాడని హామీ ఇవ్వలేననీ, ప్రయత్నించడానికి వీలుండేదనీ రాశారు. ఆ చివరి వాక్యం నాకు కంఠతా వచ్చు.

చెల్లెలు నడిపించి చంపిందని ఊళ్ళో ఇప్పటికీ అంటారు. వాళ్ళతో ఇప్పటికీ పోట్లాడతాను. నడక అతనికి కాళ్ళు తిరిగి ఇచ్చింది. పొట్ట కోయించుకుని వచ్చినవాళ్ళు మీ ఇంట్లో ఉంటే నడిపించండి. కానీ సాయంత్రం కూడా ఒంటి మీద చెయ్యి వేసి చూడండి. బాగానే ఉన్నానంటే నమ్మకండి. పక్కన పడుకునే మనిషిని అడగండి, అడిగాక చివరిదాకా విననివ్వండి మీ చెవుల్ని.

యూనిఫాం వదిలి ఏడాదైంది. యుద్ధంలో చూసినవి చాలానే మరిచిపోయాను. ఆ ఉదయం మాత్రం పోదు. ఎర్రటి నీళ్ళు ఆకుల్ని తోసుకుంటూ వస్తున్నాయి. గట్టు మీద అన్నయ్య తెల్ల కాన్వాసు బూట్లతో వాటికి ముందు నడుస్తున్నాడు, కుడి చెయ్యి పెరేడ్‌లో ఊపినట్టు ఊపుతూ. ఎడమ చెయ్యి ఊపడం లేదు. నడుముకి నొక్కి పట్టుకుని ఉంది. పంచె జారకుండా పట్టుకున్నాడనుకుని, వెనక నుంచి చప్పట్లు కొట్టాను.