మిర్చి వ్యాపారికి ఎదురొచ్చిన నల్లపిల్లి

నరసరావుపేటలోని మా వీధిలో నేను కాపురం పెట్టి చాలా కాలమైంది. ప్రతి ఇంటివాళ్ళతోనూ ఏదో ఒక విషయం మీద వాదించే ఉంటాను. ఆ ఇళ్ళలోని జంతువులతో మాత్రం పరిచయం లేదు. పోయిన వేసవి సెలవుల్లో మా అమ్మాయి కూతురు వచ్చి ఆ లోటు తీర్చింది. దానికి ఆరేళ్ళు. సాయంత్రం ఎండ తగ్గగానే నా చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కుపోయేది.

చివరింటి కుక్కకు ఎదుటి పార్టీ నాయకుడి పేరు పెట్టారు. పొద్దున్నే ఆ పేరుతో తిట్టి అన్నం వేస్తేగాని ఆ ఇంటాయనకు టీ రుచించదు. మా వైపు రాజకీయం అలాంటిది. కుక్క మాత్రం ఏ పార్టీవాడు బిస్కెట్ వేసినా తోక ఊపుతుంది. మా అందరికంటే దానికే ఆలోచన ఎక్కువని మనవరాలికి చెప్పాను. మూలమీద మోటార్‌సైకిళ్ళు బాగుచేసే భాయి షెడ్డులో ఒక పొట్టేలు ఉండేది. జనం టీ తాగి పడేసిన పేపరు కప్పులు దానికి పలహారం. ఆ షెడ్డులోనే ఒక నల్లపిల్లి, రిపేరుకొచ్చిన బళ్ళ సీట్ల మీద నిద్రపోయేది. దాని పక్కన చేరితే మా పిల్ల అన్నానికి పిలిచినా లేచేది కాదు.

మా ఎదురింటతను మిర్చి వ్యాపారి. రోజూ పొద్దున బండి తీసి మిర్చి యార్డుకు బయలుదేరతాడు. ఆ రోజుల్లో మిర్చి ధర పడిపోయింది. అదే వారంలో నల్లపిల్లి రెండుసార్లు అతని బండికి అడ్డంగా నడిచింది. ఇంకేముంది, ముద్దాయి దొరికింది.

"భాయ్, ఇంకోసారి నీ పిల్లి ఎదురొచ్చిందా, గోతంలో ఏసి కారంపూడి లారీ ఎక్కిస్తా!" అని షెడ్డు ముందు నిలబడి అరిచాడు.

"దానికి నీ టైమేం తెలుసన్నా?" అన్నాడు భాయి, పానా తుడుచుకుంటూ.

ఆ కేక విని మనవరాలు ముఖం చిన్నబుచ్చుకుంది. ఆ పూట ముద్ద ముట్టలేదు. నేను వెంటనే ఎదురింటికి వెళ్ళాను.

"ఒరేయ్, పంట ఎక్కువై ధర పడింది. కోల్డ్ స్టోరేజీ నిండా పాత సరుకుంది. ఆ సరుకు పిల్లి దాచిందా?"

"పెద్దమ్మా, నువ్వు హేతువాదుల మీటింగుల్లో మాట్టాడితే చప్పట్లు కొడతారు. నేను పొయ్యేది యార్డుకు. అక్కడ చప్పట్లు ఎవురూ కొనరు."

వాదనలో ఓడిపోయి ఇంటికొచ్చాను. "నిజంగా లారీ ఎక్కిస్తాడా అమ్మమ్మా?" అని పిల్ల అడిగింది.

మర్నాడు పొద్దున పాల ప్యాకెట్ కోసం గేటు తీశాను. ఎదురుగా అతను బండెక్కుతున్నాడు. హ్యాండిల్‌కు నిజంగానే ఖాళీ గోతం వేలాడుతోంది. సరిగ్గా అప్పుడే షెడ్డు వైపు నుంచి మా పిల్ల పరుగెత్తుకొచ్చింది, పిల్లిని మా ఇంట్లో దాచాలని చంకన వేసుకుని. మమ్మల్ని చూసి అతను ఆగిపోయి, బండి అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

"మామయ్యా," అంది పిల్ల, "నిన్న కూడా అమ్మమ్మ రాగానే అద్దం తుడిచావు. మొన్న కూడా. అప్పుడు పిల్లి లేదు కదా?"

అతని చేతిలో గుడ్డ ఆగింది. మొగుడు పోయిన ఆడది ఎదురొస్తే కాసేపు ఆగి బయలుదేరాలన్నది మావాళ్ళ ఆచారం. మా ఆయన పోయినప్పటి నుంచి నేను గేటు తీసినప్పుడల్లా ఆ అద్దానికి దుమ్ము పడుతూనే ఉంది. నాకు తెలియదా? అతని నోటి నుంచి మాట వస్తే చీల్చి చెండాడేదాన్ని. కానీ గుడ్డతో వాదించడం ఎలా?

"పిల్లికొక్కదానికే ఎందుకురా గోతం? నన్ను కూడా అందులోనే వెయ్యి. ఇద్దరం కారంపూడిలో దిగుతాం!"

లోపలి నుంచి అతని భార్య గొంతు వినబడింది. "అడుగు పెద్దమ్మా, గట్టిగా అడుగు! చిన్నప్పుడు నీ చేతి చారన్నం తిన్న సంగతి నాకు రోజూ చెప్తాడు!"

అతను తల దించుకున్నాడు. "అట్టా అనబాక పెద్దమ్మా. అలవాటు, అంతే."

"అలవాటైతే మానుకో. ఇప్పుడే, మా ముగ్గురి ఎదురుగా బయలుదేరు."

గోతం విప్పి గోడ మీదకు విసిరాడు. అద్దం జోలికి పోకుండా బండి స్టార్ట్ చేసి మా ముందు నుంచే వెళ్ళాడు. పిల్ల ఆ పూట రెండు దోసెలు తిన్నది. నాక్కూడా కాఫీ ఎంతో రుచిగా అనిపించింది.

సాయంత్రం బండి ఆపకుండానే కేకలు. "పెద్దమ్మా! ధర లేచింది! చానా మంచి ఎదురు మీది! రేపు కూడా రావాల, పిల్లితో సహా!"

"ఒరేయ్ దద్దమ్మా, అది మా వల్ల కాదురా!"

"ఎవురి వల్లయితే ఏంది, నువ్వు రా!"

ఒక మూఢనమ్మకాన్ని చంపబోయి ఇంకోదానికి నేనే పురుడు పోశాను. మర్నాడు అతను బండి మీద కూర్చుని మా గేటు వైపు చూస్తూ హారన్ కొట్టాడు. సిద్ధాంతం కోసం నేను లోపలే కూర్చుని పేపరు తెరిచాను. మా పిల్లకు సిద్ధాంతాలు లేవు. పిల్లిని భుజాన వేసుకుని పరుగెత్తింది. అతని భార్య పిల్లి కోసం గిన్నెలో పాలు పట్టుకుని గడప దిగుతోంది. నేను కిటికీలోంచి కోల్డ్ స్టోరేజీ లెక్క మళ్ళీ మొదటి నుంచి అరిచి చెబుతూనే ఉన్నాను. హారన్ చప్పుడులో ఎవరికీ వినబడలేదు.