చర్చి పేరుతో మొదటి సంతకం

నాకు చదువు రాదు. సంతకం ఒక్కటే వచ్చు, అదీ కాగితాల పేరుది. వీసా పనుల కోసం మా ఆయన చెయ్యి పట్టుకుని దిద్దించాడు. ఇదంతా నోటితో చెప్పి రాయిస్తున్నాను.

మావాళ్ళలో చాలామందికి రెండు పేర్లుంటాయి. కాగితాల్లో ఒకటి, బాప్తిస్మంనాడు పాస్టరుగారు పెట్టింది ఒకటి. మా ఆయన నలభై ఏళ్ళూ నన్ను చర్చి పేరుతోనే పిలిచాడు. కార్డుల మీద మాత్రం మా నాన్న పెట్టిన పేరే ఉండిపోయింది. మా ఆయన పోయేదాకా అది ఎవరికీ పట్టలేదు.

ఆ రోజు అంత్యక్రియలవాళ్ళు భార్య పేరు అడిగితే, మా అమ్మాయి ఏడుస్తూ నోటికొచ్చిన పేరు చెప్పింది. నోటికొచ్చేది చర్చి పేరే కదా. మరణ పత్రంలో అదే ఎక్కింది. సమాధుల తోటలో మా ఆయన పక్క స్థలం నాకని ఆపించిన కాగితంలోనూ అదే. తీరా చూస్తే ఆ పేరుగల మనిషి మేమొచ్చి ఉంటున్న ఈ పరాయి దేశంలో ఏ రికార్డులోనూ లేదు. ఆవిడ నేనేనని గుర్తింపు కార్డు చూపించాలన్నారు తోట ఆఫీసువాళ్ళు. మూడు నెలలే ఆపుతారట, తరవాత అడిగినవాళ్ళకిస్తారట.

మరణ పత్రం దిద్దించడమే తేలిక అంది అమ్మాయి. నేను ఒప్పుకోలేదు. అందులో ఆయన పిలిచిన పేరుంది. దాన్ని కొట్టేయించి ఇంకొకటి రాయించనా? నా పేరే మార్పించుకున్నాను. ఆ దరఖాస్తుకి పాత సంతకమే సరిపోయింది. పేరు మార్పు సర్టిఫికెట్ పోస్టులో వచ్చింది. ఇక కొత్త కార్డు కావాలంటే, పాత పేరు మనిషీ కొత్త పేరు మనిషీ నేనేనని ప్రమాణ పత్రం మీద కొత్త సంతకం పెట్టాలి. అప్పటికే రెండు నెలలు దాటిపోయాయి.

కొత్తది నేర్పడానికి ఆయన లేడు. అమ్మాయి రాసిస్తే వంటింటి బల్ల మీద వారం రోజులు దిద్దాను. ఆదివారం చర్చి నుంచి వచ్చాక చెయ్యి కుదురుగా ఉందనిపించి ఫారం మీద పెట్టేశాను. చక్కగా వచ్చింది. మన దేశంలో ఆఫీసుకి సంతకాలు పెట్టుకునే వెళ్తాం. ఇక్కడ అది తప్పని నాకేం తెలుసు?

బుధవారం మా పేటలో న్యూ లిన్ లైబ్రరీకి వెళ్ళాం. అక్కడ ఒక మూల బల్ల దగ్గర జేపీ కూర్చుంటాడు. సాక్షి సంతకం పెట్టి ముద్ర వేసే పెద్దమనిషి. ఒంటిగంటకి లేచిపోతాడు. మా వెనక ఇంకా నలుగురున్నారు. అమ్మాయికి రెండింటికి హాస్పిటల్లో డ్యూటీ.

జేపీ ఫారం తిప్పి, సంతకం మీద వేలు పెట్టి ఆగిపోయాడు. ఎవరు పెట్టారని అడిగాడు. నా గుండె మీద చెయ్యి వేసుకుని చూపించాను. అతను అమ్మాయి వంక చూశాడు. తన కళ్ళ ముందు పెట్టని సంతకానికి ముద్ర వెయ్యనన్నాడు.

"ఎప్పుడు పెట్టావమ్మా? నాకో మాట చెప్పొద్దా?" అంది అమ్మాయి.

"చెయ్యి బాగుంది కదా అని పెట్టానే."

"చెయ్యి బాగుంటే అరిసెలు వత్తు. ప్రమాణ పత్రం మీద పెడతావా?"

అక్కడే ఇంకో ఫారం ప్రింటు తీసుకొచ్చింది. ఒంటిగంటకి పది నిమిషాలుంది. దిద్దిన కాగితం ఇంట్లో ఉండిపోయింది. అమ్మాయి రాసి చూపించబోతే జేపీ చెయ్యి అడ్డం పెట్టి, అవతలికి జరగమన్నాడు.

పెన్ను పట్టుకున్నాను. వేళ్ళు పాత పేరు మొదటి గీతకే పోతున్నాయి, మా ఆయన దిద్దించిన గీతకి. పోనిస్తే చివరిదాకా ఆగవు. పెన్ను పైకెత్తి పట్టుకున్నాను. వెనక ఎవరో దగ్గారు. ఒక్కో అక్షరం రూపం గుర్తు చేసుకుంటూ వేశాను. మధ్యలో ఒకటి కిందికి జారింది. చివరిది గడి దాటిపోయింది. కోడి కెలికినట్టుంది.

జేపీ రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టాడు. పాత కార్డులో ఫొటో చూశాడు, నన్ను చూశాడు. చక్కనిదాన్ని మడిచి అమ్మాయి చేతికిచ్చాడు. వంకరదాని మీద ముద్ర కొట్టి, ఏదో అన్నాడు.

"ఇది నువ్వు పెడుతుంటే చూశాడట. తనకి అదే కావాలట" అంది అమ్మాయి.

గడువుకి నాలుగు రోజులుండగా కార్డు వచ్చింది. తోట ఆఫీసులో చూపించాం. అక్కడి పిల్ల కార్డు చూసి, కంప్యూటరులో ఏదో కొట్టి, తలూపింది. ఆ స్థలం నాదైంది. వెళ్ళి చూశాను. ఉత్త గడ్డి. పక్కన మా ఆయన.

"తొందరేం లేదు, ఉండండి" అని చెప్పి వచ్చాను.